రాక్షసులకు నోరిచ్చిన సీరియల్

హారర్ కథల్లో భూతానికి అప్పజెప్పే పనులు మూడే. చీకట్లోంచి రావాలి, భయపెట్టాలి, చివర్లో చావాలి. దాని గోడేమిటో ఎవరూ అడగరు. ‘పెన్నీ డ్రెడ్‌ఫుల్’ అడిగింది. అడిగి ఊరుకోలేదు, కథ నడకని ఆపేసి మరీ నిమిషాల తరబడి చెప్పనిచ్చింది. ఈ సీరియల్ మీద నాకున్న ప్రేమంతా అందుకే. చివరికొచ్చేసరికి అదే సీరియల్ కొందరి నోరు నొక్కేసింది. నా కోపమూ అందుకే. ఇన్నేళ్ల తర్వాత కూడా ఈ రెండూ నాలో చల్లారలేదు కాబట్టే ఇది రాస్తున్నాను.

కథంతా బయటపెట్టేస్తాను. ఇంకా చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోయి, చూశాక రండి.

తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. రాసింది జాన్ లోగన్. 2014 మేలో అమెరికాలో షోటైమ్‌లో మొదలై, బ్రిటన్‌లో స్కై అట్లాంటిక్‌లో వచ్చి, మూడు సీజన్లు, 27 ఎపిసోడ్లు నడిచి 2016 జూన్ 19న ముగిసింది. కథ మొదలయ్యేది 1891లో. ఊరు లండన్, షూటింగ్ మాత్రం చాలావరకు ఐర్లండ్‌లో. ఆఫ్రికాలో నైలు నది పుట్టిన చోటు కోసం తిరిగొచ్చిన సర్ మాల్కమ్ ముర్రే, అతని కూతురి చిన్ననాటి స్నేహితురాలు వెనెస్సా ఐవ్స్, తుపాకీ గురి తప్పని అమెరికన్ ఈథన్ చాండ్లర్, శవాలకు ప్రాణం పోసే కుర్ర డాక్టర్ విక్టర్ ఫ్రాంకెన్‌స్టీన్. వీళ్లు నలుగురూ ఒక ఇంట్లో చేరతారు. డోరియన్ గ్రే వస్తాడు, డ్రాక్యులా వస్తాడు, మంత్రగత్తెలొస్తారు. ఇలా చెబితే నాలుగు పాత నవలల్ని కలిపి వండిన కిచిడీలా అనిపిస్తుంది. మొదటి ఎపిసోడ్ సగం వరకూ నాకూ అలాగే అనిపించింది.

పేరు సంగతి కూడా చెప్పాలి. విక్టోరియా కాలం ఇంగ్లండ్‌లో ఒక్క పెన్నీకి అమ్మిన చవకబారు భయానక సీరియల్ పుస్తకాలని పెన్నీ డ్రెడ్‌ఫుల్స్ అనేవారు. నాసిరకం కాగితం, చెక్క అచ్చు బొమ్మ, ఉత్కంఠగా ఆగిపోయే కథ. పుస్తకాలు కొనలేని కూలీల పిల్లలు వారం వారం వాటి కోసం ఎదురు చూసేవాళ్లు. పెద్దమనుషులు మాత్రం వీటివల్లే కుర్రాళ్లు చెడిపోతున్నారని గోల పెట్టేవాళ్లు. 1845 నుంచి 1847 దాకా వచ్చిన ‘వార్నీ ద వాంపైర్’ వాటిల్లో పేరున్నది. మొదటి సీజన్లో ప్రొఫెసర్ వాన్ హెల్సింగ్ ఆ వార్నీ ప్రతినే విక్టర్ చేతిలో పెడతాడు, ఇందులో ఉన్నది కట్టుకథ కాదంటూ. ఆ ముచ్చట ముగిసిన కాసేపటికే ఆయన మెడ విరిగిపోతుంది. విరిచేది విక్టర్ సృష్టించిన ప్రాణి.

నా వాదన మొదలయ్యేది ఆ ప్రాణి దగ్గరే.

మేరీ షెల్లీ 1818లో రాసిన నవలలో ఆ ప్రాణి గొప్ప మాటకారి. ఒక పేద కుటుంబం ఇంటి పక్కన దాక్కుని, గోడ సందులోంచి వింటూ భాష నేర్చుకుంటాడు. ఇంగ్లీషు మహాకవి మిల్టన్‌ని చదువుతాడు. తన సృష్టికర్తని నిలదీసి, నన్ను పుట్టించి ఎందుకు పారిపోయావని అడుగుతాడు. 1931లో హాలీవుడ్ అతన్ని తెర మీదికి తెచ్చి, ఆ మాటలన్నీ లాగేసుకుంది. బోరిస్ కార్లోఫ్ గొప్పగా నటించాడు, కాదనను. కానీ ఆ సినిమాలో అతనికి మూలుగులూ గుర్రుమనడాలే గతి. 1935లో వచ్చిన రెండో సినిమాలో నాలుగు పొడి మాటలు దక్కాయి. అతని కోసం తయారు చేసిన పెళ్లికూతురికి అవీ లేవు, ఒక కేక, ఒక బుస. ఫ్రాంకెన్‌స్టీన్ అనగానే ఇప్పటికీ చాలామందికి తోచేది ఆ చదరపు తల, ఆ మూగతనమే. తన గురించి తాను చెప్పుకోగలిగినవాణ్ణి చంపడం కష్టం. మూగవాణ్ణయితే కాగడాలు పట్టుకుని తరిమెయ్యొచ్చు.

జాన్ లోగన్ ఆ నోరు అతనికి తిరిగిచ్చాడు. ఎంత దారుణంగా ఇచ్చాడో చూడండి. మొదటి రెండు ఎపిసోడ్లలో విక్టర్ దగ్గరుండేది ప్రోటియస్ అనే మెత్తటి మనిషి. పసిపిల్లాడిలా కళ్లు పెద్దవి చేసుకుని లోకాన్ని చూస్తుంటాడు. మనకి అతని మీద జాలి పుట్టేలోపే వెనకనుంచి రెండు చేతులు అతని ఛాతీని చీల్చుకుని బయటికొస్తాయి. రక్తంలో తడిసిన ఒక తెల్లటి మొహం విక్టర్‌కి చెబుతుంది, నీ పెద్దకొడుకు తిరిగొచ్చాడు నాన్నా, అని. తర్వాతి ఎపిసోడ్లో ఆ హంతకుడే తన కథ చెబుతాడు. పుట్టిన క్షణంలో తను ఏడుస్తుంటే పారిపోయిన తండ్రి గురించి, ఆ గదిలో ఒంటరిగా పుస్తకాలు చదువుకున్న రోజుల గురించి. ఆ పాత్ర వేసిన రోరీ కినియర్ గొంతు పెంచడు. ప్రతి మాటనీ తూచి, అది తనకు దక్కిన ఒకే ఒక్క ఆస్తి అన్నంత జాగ్రత్తగా పలుకుతాడు. వింటుంటే ప్రోటియస్‌ని చంపిన పాపం మాసిపోదు. కానీ పాపం ఎవరి దగ్గర మొదలైందో మాత్రం మర్చిపోలేం.

చందమామ చదివి పెరిగిన మనకిది కొత్తేమీ కాదు. శవంలోంచి బేతాళుడు మాట్లాడతాడు, భుజాన మోసే రాజు నోరు మూసుకుని వింటాడు. కథ, తర్కం, ధర్మసందేహం అన్నీ శవం వైపే ఉంటాయి. ఆ బేతాళ కథల్ని 1870లో విక్టోరియా కాలపు పాఠకులకు ఇంగ్లీషులో అందించిన రిచర్డ్ బర్టన్, సర్ మాల్కమ్ లాగే నైలు పుట్టుక కోసం ఆఫ్రికా వెళ్లినవాడు. లోగన్‌కి ఈ సంగతి తట్టిందో లేదో గానీ, ఈ సీరియల్ పద్ధతి నాకు అచ్చం బేతాళుడి పద్ధతిలాగే కనిపిస్తుంది. భయం మోస్తున్నవాడు నడవాలి, భయపెట్టేవాడు మాట్లాడాలి.

రెండో సీజన్లో ఆ ప్రాణి తనకు తానే జాన్ క్లేర్ అని పేరు పెట్టుకుంటాడు. అది నిజంగా ఉన్న కవి పేరు. ఇంగ్లండ్‌లో పొలం పనులు చేసుకుంటూ కవిత్వం రాసిన జాన్ క్లేర్ 1841 నుంచి 1864లో చనిపోయేదాకా నార్తాంప్టన్ పిచ్చాసుపత్రిలో గడిపాడు. నేనున్నాను, కానీ నేనేమిటో ఎవరికీ పట్టదు అని మొదలయ్యే కవిత రాసింది అతనే. లండన్ వీధుల కింద కలరా రోగుల కోసం పెట్టిన ఆశ్రయంలో వెనెస్సా సూప్ వడ్డిస్తుంటుంది. అక్కడ ఒక మూల కుట్ల మొహంతో ఇతను కూర్చుని ఉంటాడు. ఇద్దరూ ఆ కవితను చెప్పుకుంటారు. ఇతను శవం ముక్కలతో తయారైనవాడని ఆమెకు తెలియదు, ఆమె కోసం సైతాను కాచుకుని ఉన్నాడని ఇతనికి తెలియదు. కవిత్వం తెలిసిన ఇద్దరు మనుషులు, అంతే. నేను చూసిన హారర్ అంతటిలో ఇంత మర్యాదగల సన్నివేశం ఇంకోటి గుర్తు రావడం లేదు.

వెనెస్సా గురించి ఎంత చెప్పినా తరగదు. మొదటి సీజన్ రెండో ఎపిసోడ్లో ఒక ధనవంతుడి ఇంట్లో విందు. ఆత్మల్ని పిలిచే ఆట మొదలవుతుంది. విక్టోరియా కాలపు డ్రాయింగు రూముల్లో అదొక ఫ్యాషన్, నిజంగానే. నల్ల గౌనులో, మెడ దాకా బొత్తాలు పెట్టుకుని, పద్ధతిగా కూర్చున్న వెనెస్సా నోట్లోంచి ముందు సర్ మాల్కమ్ కూతురి గొంతు వస్తుంది. తర్వాత ఆఫ్రికాలో రోగంతో చచ్చిపోయిన కొడుకు పీటర్ గొంతు. నా పేరు ఒక కొండకి పెడతావా నాన్నా అని ఆ గొంతు అడుగుతుంది. ఆ తర్వాత వచ్చేవి అందరి ముందూ చెప్పకూడని విషయాలు, సర్ మాల్కమ్ అక్రమ సంబంధాలతో సహా. టేబుల్ ఎక్కి, ఒళ్లు విల్లులా వంచి, ఈవా గ్రీన్ చేసిన ఆ నటనలో నన్ను వణికించింది దెయ్యం కాదు. ఆ పెద్దింట్లో ఆడదాని నోట ఎప్పుడూ రాకూడని నిజాలు, దెయ్యం పట్టిందన్న సాకుతో, వరసగా బయటికి రావడం. సర్ మాల్కమ్ మొహంలో భయం కూడా అదే భయం.

మూడో సీజన్ నాలుగో ఎపిసోడ్, ‘ఎ బ్లేడ్ ఆఫ్ గ్రాస్’, ఈ సీరియల్ మొత్తానికి శిఖరం. దాదాపు మొత్తం ఒకే గది. పిచ్చాసుపత్రిలో మెత్తలు కుట్టిన తెల్లటి గోడల మధ్య వెనెస్సా. ఆమెని చూసుకునే వార్డు ఉద్యోగి, ప్రాణిగా మారకముందు, అంటే చనిపోకముందు, తర్వాత జాన్ క్లేర్ అని పేరు పెట్టుకున్న ఆ మనిషే. మొదట్లో అతను ఆమెకి బలవంతంగా తిండి పెట్టాల్సి వస్తుంది. చూడలేం. కానీ రోజులు గడిచేకొద్దీ ఆ తెల్ల గదిలోకి ఒక్కొక్కటిగా మనిషితనం వస్తుంది. భార్య వాడే రంగులు ఇంటి నుంచి తెచ్చి ఆమె మొహానికి తనే దిద్దుతాడు. మొరటు చేతులు, అలవాటు లేని పని, చెయ్యి వణక్కుండా చూసుకుంటాడు. తన పిల్లాడికి ఇష్టమైన పద్యం చెబుతాడు. అదే మొహంతో సైతాను వస్తాడు, అదే మొహంతో డ్రాక్యులా వస్తాడు. మూడు పాత్రలూ రోరీ కినియర్ ఒక్కడే. గది మారదు, బట్టలు మారవు, మాట తీరొక్కటే మారుతుంది. టీవీలో హారర్ అంటే గ్రాఫిక్స్ ఖర్చు అనుకునేవాళ్లకి ఈ ఒక్క ఎపిసోడ్ చూపిస్తే చాలు.

ఆ గది జ్ఞాపకాన్ని వెనెస్సా చేత బయట పెట్టించేది డాక్టర్ సీవర్డ్ అనే ఆవిడ. ఫ్రాయిడ్, బ్రాయర్ కలిసి హిస్టీరియా మీద రాసిన పుస్తకం 1895లో వచ్చింది. ఈ కథ అంతకు రెండు మూడేళ్ల ముందే జరుగుతోంది, మాట్లాడించి నయం చెయ్యడం అనే ఆలోచన అప్పుడప్పుడే మొలకెత్తుతున్న కాలం. సీవర్డ్ ఆ మాటల్ని ఫోనోగ్రాఫు మైనపు సిలిండర్ల మీద రికార్డు చేస్తుంది. ఆమె గుమాస్తా రెన్‌ఫీల్డ్ వాటిని దొంగచాటుగా విని డ్రాక్యులాకి చేరవేస్తాడు. డ్రాక్యులా అప్పటికే మ్యూజియంలో పనిచేసే మెత్తటి పండితుడి వేషంలో వెనెస్సాకి దగ్గరయ్యాడు. ఆమె మనసు ఆమె కన్నా ముందు అతనికి తెలుస్తోంది. ఒక మనిషి నమ్మి చెప్పుకున్న మాటనే ఆ మనిషి మీదికి ఎక్కుపెట్టడం! ఇంత మంచి ఆలోచన చేతిలో ఉన్న రచయిత చివరికి దాన్ని ఎలా వదిలేశాడా అని నా బాధ.

రెండో సీజన్ చివర్లో ఏం జరిగింది? వెనెస్సా పోలికలతోనే చేసిన బొమ్మ, అందులోంచి సైతాను గొంతు. ఈథన్‌తో కాపురం, పిల్లలు, మామూలు జీవితం ఇస్తానని ఆశ చూపిస్తుంది. నాకిప్పుడు అది అక్కర్లేదు, నేనేమిటో నాకు తెలుసు, మరి నీకు తెలుసా అని ఆమె తిరిగి అడుగుతుంది. సైతాను భాషలోనే వాణ్ణి ఎదిరిస్తుంది. బొమ్మ పగిలి తేళ్లు బయటికొస్తాయి. కత్తి లేదు, శిలువ లేదు, పక్కన మగవాడు లేడు. గెలిచింది మాటతో.

మూడో సీజన్ ఏడో ఎపిసోడ్లో అదే వెనెస్సా తుపాకీ పట్టుకుని డ్రాక్యులా దగ్గరికి వెళుతుంది. అతను మోకాళ్ల మీద కూర్చుని, నిన్ను ఏలను, సేవిస్తాను అంటాడు. ఆమె చివరికి నన్ను నేను ఒప్పుకుంటున్నాను అంటుంది. మెడ అందిస్తుంది. రెండో సీజన్లో తనేమిటో తెలియడం ఆమె బలం. ఇక్కడ అదే లొంగుబాటు, అదే లండన్ మీద చీకటి కమ్మడానికి కారణం. సరే, ఒక మనిషి అలా విరిగిపోవచ్చు. విరిగిపోతే ఆ విరగడం ఎలా ఉందో ఆమె నోటే వినాలి కదా. ఆ తర్వాత రెండు ఎపిసోడ్లున్నాయి. వాటిలో వెనెస్సా కనిపించేదే తక్కువ, మాట్లాడేది ఇంకా తక్కువ. మగవాళ్లు తుపాకులు పట్టుకుని ఆమెని వెతుకుతుంటారు. చివరికి కొవ్వొత్తుల గదిలో ఈథన్ ఆమెని చేరతాడు. దీన్ని ముగించమని ఆమె అడుగుతుంది, ఇద్దరూ ప్రార్థన చేస్తారు, అతను కాలుస్తాడు. ప్రభువు కనిపిస్తున్నాడంటూ ఆమె కన్నుమూస్తుంది.

మా పిన్ని కూతురితో దీని గురించి ఫోన్లో పెద్ద గొడవే అయింది. “అక్కా, చంపమని తనే అడిగింది కదా. అది ఆమె ఇష్టం. నువ్వెందుకు ఒప్పుకోవు?” అంటుంది. అలా అనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. వెనెస్సా మొదటి నుంచీ విశ్వాసం ఉన్న మనిషి, ఆమె కథ దేవుడి దగ్గర మొదలై దేవుడి దగ్గర ముగిసిందని వాళ్ల మాట. రెండో సీజన్ చివర్లో ఆమె తన శిలువని మంటల్లో వేసేస్తుంది కాబట్టి, తిరిగి ప్రార్థన దగ్గరికి రావడంలో ఒక అర్థం ఉందని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ తిరిగి రావడం ఎక్కడ జరిగింది? ఎప్పుడు జరిగింది? శిలువ కాల్చడాన్ని మనకు దగ్గరగా చూపించారు. మెడ అందించడాన్ని దగ్గరగా చూపించారు. ఆమె మనసు మారడాన్ని మాత్రం తెర వెనక జరిపించేశారు. అది ఆమె ఇష్టమైతే, ఆ ఇష్టం పుట్టిన గంటని మాకు వినిపించాలి. ఒక తెల్ల గదికి ఎపిసోడ్ మొత్తం ఇచ్చినవాళ్లు, ఈ గదికి కొన్ని నిమిషాలతో సరిపెట్టారు.

నా కోపం ఇంకా పెరగడానికి కారణం, అదే చివరి ఘట్టాల్లో లిలీకి న్యాయం జరగడం. బెల్‌ఫాస్ట్ నుంచి వచ్చి, క్షయతో దగ్గుతూ, ఒళ్లమ్ముకుని బతికిన బ్రోనాని విక్టర్ దిండుతో చంపి, తిరిగి లేపి, లిలీ అని పేరు పెట్టి, ఆ ప్రాణికి పెళ్లాంగా తయారు చేస్తాడు. 1935 సినిమాలో బుసకొట్టడం తప్ప తెలియని ఆ పెళ్లికూతురు ఇక్కడ రెండో సీజన్లో లేచి నిలబడి, బిగుతు కార్సెట్ల గురించి, పెళ్లి అనే బానిసత్వం గురించి, ఇంక ఎవరి ముందూ మోకరిల్లనని మాట్లాడుతుంటే లిలీగా వేసిన బిల్లీ పైపర్ కళ్లలోకి చూడటానికి భయమేసింది. చివర్లో విక్టర్ ఆమెని గొలుసులతో కట్టేస్తాడు. ఇంజెక్షన్‌తో ఆమె కోపాన్నీ గతాన్నీ తుడిచేసి, మంచి ఆడదాన్ని చెయ్యాలని అతని పథకం. అప్పుడామె తన బిడ్డ గురించి చెబుతుంది. డబ్బు కోసం బయటికి వెళ్లిన రాత్రి, దెబ్బలు తిని ఆలస్యంగా ఇల్లు చేరేసరికి, చలికి బిగుసుకుపోయిన పసిబిడ్డ. ఆ బాధ నాది, దాన్ని తీసుకోవద్దు అని వేడుకుంటుంది. విక్టర్ గొలుసు విప్పేస్తాడు. ఆమె వెళ్లిపోతుంది. మాట ఒక మనిషిని ఎలా కాపాడుతుందో ఈ సీరియల్‌కి ఆఖరి గంటలో కూడా గుర్తుంది. వెనెస్సా దగ్గరే మర్చిపోయింది.

మొదటి నుంచీ నోరు ఇవ్వని మనిషి కూడా ఒకడున్నాడు. సర్ మాల్కమ్ ఇంట్లో ఉండే ఆఫ్రికన్ సెంబేనీ. డానీ సపానీ లాంటి నటుణ్ణి పెట్టుకుని, తలుపు తియ్యడానికీ, వంట చెయ్యడానికీ, గుమ్మంలో గంభీరంగా నిలబడటానికీ వాడారు. అతని మొహం మీద మచ్చలకో కథ ఉందని ప్రతి షాటూ చెబుతుంది, ఆ కథ మాత్రం తుంపులు తుంపులుగా తప్ప రాదు. రెండో సీజన్ చివర్లో తోడేలుగా మారిన ఈథన్ చేతిలో చనిపోతాడు. మాల్కమ్ శవాన్ని ఆఫ్రికా తీసుకెళతాడు. మూడో సీజన్ మొదట్లో జాంజిబార్‌లో మాల్కమ్ దుఃఖమే చూస్తాం. సెంబేనీ చావు కూడా మాల్కమ్ కథలో ఒక మెట్టు అయిపోయింది. కుట్లు వేసిన శవానికి మిల్టన్ని ఇచ్చిన సీరియల్, బతికున్న ఆఫ్రికన్‌కి ఒక్క ఎపిసోడ్ ఇవ్వలేకపోయింది. సామ్రాజ్యం ఏం చేసిందో చూపిస్తామన్న కథలో ఇది చిన్న తప్పు కాదు.

మూడో సీజన్లో వచ్చే డాక్టర్ జెకిల్‌ది మరో రకం అన్యాయం. 1886 నాటి నవలలోని ఆ తెల్లదొరని ఇక్కడ భారతీయ తల్లికీ, ఇంగ్లీషు ప్రభువుకీ పుట్టినవాడిగా మార్చారు. షాజాద్ లతీఫ్ ఆ అవమానాన్ని పళ్ల బిగువున పట్టి నటిస్తుంటే నేను కుర్చీలో ముందుకి జరిగాను. మంచితనం, చెడ్డతనం అనే పాత చీలికని రంగు, జాతి చీలికగా చదవడం అద్భుతమైన ఆలోచన. తీరా చూస్తే, తండ్రి పోయాడు, ఇప్పుడు నేను లార్డ్ హైడ్‌ని అన్న ఒక్క ముక్కతో ఆ తలుపు మూసేశారు.

చివరి ఎపిసోడ్లో నేను పూర్తిగా ఒప్పుకునేది ఆ ప్రాణి కథే. జ్ఞాపకం తిరిగొచ్చి, తన భార్యనీ కొడుకునీ వెతుక్కుంటూ వెళతాడు. వాళ్లు దొరుకుతారు, దగ్గరకు తీసుకుంటారు. జబ్బుతో ఉన్న కొడుకు చనిపోతాడు. ఆ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి పిల్లాణ్ణి బతికించు, లేకపోతే మళ్లీ ఇంటికి రావద్దు అంటుంది భార్య. ఆ బతుకు ఎలా ఉంటుందో తెలిసినవాడు అతనొక్కడే. పిల్లాడి శవాన్ని చేతుల్లో పట్టుకుని థేమ్స్ నదిలోకి దిగి, నీళ్లకి వదిలేస్తాడు. ఇల్లూ భార్యా మళ్లీ పోతాయి. మొదటి సీజన్లో తండ్రిని నిలదీసిన కొడుకు, ఇప్పుడు తండ్రిగా తన జవాబు తనే చెప్పుకున్నాడు. ఇరవై ఏడు ఎపిసోడ్ల పాటు అతని మాటలన్నీ విన్నాం కాబట్టే, అక్కడ ఎందుకు అలా చేశాడో మనకి ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. వెనెస్సా చావు దగ్గర లేనిది సరిగ్గా ఇదే. ఆమె కోసం వర్డ్స్‌వర్త్ కవిత చదువుతూ అతను సమాధి దగ్గర నిలబడతాడు, ‘ది ఎండ్’ అని తెర మీద పడుతుంది. తర్వాతి సీజన్ లేదని చూసేవాళ్లకి తెలిసింది అప్పుడే. రెండో సీజన్ మధ్యలోనే ఈ ముగింపు అనుకున్నానని లోగన్ తర్వాత చెప్పాడు. అంటే తొందర వల్ల జరిగింది కాదు, కావాలనే చేశారు. అందుకే నిలదీసి అడగొచ్చనుకుంటున్నాను.

చూడాలనుకునేవాళ్లకి నా సలహా: మొదటి సీజన్ ఓపిగ్గా చూడండి, రెండో సీజన్లో ఒక్క ఎపిసోడ్ కూడా వదలొద్దు, మూడోది నాలుగో ఎపిసోడ్ కోసం చూడండి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. కినియర్ చాలా మాటలు గొంతులోనే పలుకుతాడు, టీవీ స్పీకర్లలో సగం పోతాయి. ఆ చివరి రెండు ఎపిసోడ్లు చూశాక మా పిన్ని కూతురి పక్షమో, నా పక్షమో మీరే తేల్చుకోండి.